పర్సా, పాకీటా, వాలెట్టా?

పోయిన శ్రావణంలో మా ఇంటామెకు పిత్తాశయంలో రాళ్లున్నాయని ఇక్కడే సోలాపూర్‌లో ఒక దవాఖానలో ఆపరేషన్ చేశారు. లోపలికి తీసుకుపోయే ముందు నర్సమ్మ వచ్చి గాజులు, కమ్మలు, పుస్తెలతాడు, నడుముకు చెక్కుకున్న చిన్న గుడ్డసంచి అన్నీ తీయించి నా చేతిలో పెట్టింది. పావుగంట కాలేదు, చీటీ ఒకటి వచ్చింది. అందులో రాసిన సూదులు, సెలైన్ బాటిళ్లు కింద మెడికల్ షాపులో కొని తేవాలి, జల్దీ కావాలి అన్నారు. మెడికల్ పిల్లగాడు లెక్క కట్టి 1,860 రూపాయలు అన్నాడు. నా పర్సు తీసి చూస్తే 240 ఉన్నాయి.

పుణెలో ఉన్న పెద్దోడికి ఫోన్ చేశాను.

"బాపూ, పొద్దుగాలనే వాలెట్ల మూడు వేలు ఏసిన, చూసుకోలేదా?" అన్నాడు.

"పర్సుల రెండు వందల నలభై ఉన్నయ్ రా. ఇంకేం లేవు."

"పర్సు కాదు బాపూ, వాలెట్, వాలెట్!"

"అదేడ పెట్టినవ్? బీరువలనా?"

వాడు నవ్విండో, నెత్తి కొట్టుకున్నడో నాకు తెల్వది. అప్పుడే ఫోన్ చార్జింగ్ అయిపోయి నల్లగైంది. వెనక లైన్లో ఉన్నోళ్లు గొణుగుతున్నారు. కుడిచేతిలో చీటీ, ఎడమచేతిలో మా ఇంటామె సంచి పట్టుకొని అట్లనే నిలబడ్డాను. ఆ సంచి సంగతి తర్వాత చెప్తాను. పర్సు అన్నా వాలెట్ అన్నా ఒకటే అనుకుంటూ అరవై ఆరేండ్లు గడిపినోణ్ని, ఒక్క మాట తెలువక ఆరోజు బీరువా యాది చేసుకున్నాను.

ఆమె ఇంటికి వచ్చి కొంచెం కోలుకున్నాక, మా పేటలో ఉండే రిటైరైన మాస్టరు దగ్గరికి పోయాను. నాది నాలుగో తరగతి చదువు. ఆయన దగ్గర ఇటుక అంత లావు నిఘంటువు ఉంది. సాయంత్రాలు మూడు రోజులు కూర్చున్నాం. చాయ్ ఖర్చు నాది.

పర్సు అనే ఇంగ్లీషు మాట పాత లాటిన్‌లో 'బుర్సా' అనే మాట నుంచి వచ్చిందట. అది మళ్లీ గ్రీకు మాట. గ్రీకులో దాని అర్థం తోలు. తోలుతో కుట్టిన సంచి కనుక ఆ పేరు. ఇది వినగానే నాకు మన 'తిత్తి' గుర్తుకొచ్చింది. తిత్తి అన్నా తోలుసంచే. కమ్మరి కొలిమి దగ్గర గాలి కొట్టేది తిత్తి, మన తాతలు రూకలు దాచుకున్నది కూడా తిత్తే. వాళ్లకూ మనకూ చుట్టరికం లేదు, కానీ డబ్బు దాచుకోవడానికి ఇద్దరికీ మొదట దొరికింది గొర్రె తోలో, మేక తోలో.

ఆ బుర్సా పిల్లలు ఇంగ్లీషులో శానా ఉన్నాయి. కాలేజీలో పైసల లెక్క చూసే ఆఫీసరును బర్సర్ అంటారు. మన ఊళ్లవైపు పిల్లలందరి నోట్లో ఉండే 'ఫీజు రీయింబర్స్‌మెంట్'లో కూడా ఈ పర్సే దాక్కొని ఉందట. రీయింబర్స్ అంటే ఖర్చైన పైసల్ని తిరిగి పర్సులో వేయడం. గిర్నీలో ఉన్నప్పుడు మందుల బిల్లులు పెట్టి ఆ మాటను నేను వంద సార్లు పలికి ఉంటాను. పైసలు మాత్రం ఆరు నెలలకు గానీ పర్సులో పడేవి కావు.

వెనకట ఇంగ్లండులో పర్సును నడుము పట్టీకి తాడుతో వేలాడదీసుకునేవారు. దొంగలు కత్తితో ఆ తాడు కోసి పట్టుకుపోయేవారు. అందుకని అక్కడ జేబుదొంగను మొదట 'పర్సు కోసేవాడు' అన్నారు, బట్టలకు జేబులు వచ్చాక పిక్‌పాకెట్ అన్నారు. మన మరాఠీ వాళ్ల 'ఖిసేకాపూ' కూడా కోసేవాడే కదా. ఇంట్లో డబ్బు పెత్తనం ఎవరిదో వాళ్ల చేతిలో 'పర్సు తాడు' ఉందని ఇంగ్లీషులో ఈ రోజుకూ అంటారు. అంటే వాళ్ల పాత పర్సు మన బటువా లాంటిదే. మూతికి తాడు, లాగితే ముడుచుకుంటుంది. ఒడిశాలో ఉన్న మనవాళ్లు కూడా బటువానే అంటారు. తమిళనాడులో ఉన్నవాళ్లు సురుక్కుపై అంటే వెంటనే గుర్తుపడతారు, అదీ ముడుచుకునే సంచే.

అయితే ఇంగ్లండులో ఇప్పుడు పర్సు అంటే ఆడవాళ్లు చిల్లర, నోట్లు పెట్టుకునే చిన్నది. అమెరికాలో పర్సు అంటే ఆడవాళ్లు భుజానికి వేసుకునే పెద్ద సంచి. రెండు చోట్లా మగవాళ్లు ప్యాంటు జేబులో పెట్టుకునేది వాలెట్. మనం మాత్రం ఆడా మగా తేడా లేకుండా అంతా పర్సే అనుకున్నాం. దీన్ని తప్పు అంటే నేను ఒప్పుకోను. మాట మన ఇంటికి వచ్చాక మన ఇంటి రివాజుకే నడవాలి. లండన్ పోయినవాళ్లు 'నా పర్సు పోయింది' అని పోలీసుకు చెప్తే ఆడవాళ్లది అనుకొని రాసుకుంటాడేమో, అంతవరకే జాగ్రత్త.

పర్సు అంటే సంచి ఒక్కటే కాదు, అందులోని సొమ్ము కూడా. వెనకట నాయకులు ఊరికి వస్తే జనం చందాలు పోగుచేసి పర్సు సమర్పించేవారు. లోకమాన్య తిలక్‌కు అరవయ్యో పుట్టినరోజున, 1916 జులైలో, లక్ష రూపాయల పర్సు ఇచ్చారు. ఆయన దాన్ని దేశం పనికే ఇచ్చేశాడు. మరాఠీలో దాన్ని 'థైలీ' అంటారు. ఇప్పుడు మా మనుమడు క్రికెట్ వేలం చూస్తూ 'ఆళ్ల పర్సుల ఇంకా ఎంత ఉంది తాతా' అని అడుగుతాడు. 2024 నవంబరు వేలంలో ఒక్కో జట్టు పర్సు 120 కోట్లు. తిలక్ మహారాజ్ పర్సుకూ దీనికీ ఒకటే మాట.

మాస్టరు చెప్పినవాటిలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది బడ్జెట్. బడ్జెట్ అన్నా చిన్న తోలుసంచే! ఫ్రెంచి వాళ్ల 'బుజెట్' నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంగ్లండు ఖజానా మంత్రి సర్కారు లెక్కల కాగితాలు సంచిలో పెట్టుకొని వచ్చి సభలో విప్పేవాడు కనుక, లెక్కలకే సంచి పేరు పడింది. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక మొదటి బడ్జెట్ 1947 నవంబరు 26న చదివిన షణ్ముఖం చెట్టి గారిది కోయంబత్తూరు, మనలాగే నూలు మిల్లుల ఊరు. తర్వాత మంత్రులంతా తోలు పెట్టె పట్టుకొని వచ్చి ఫోటో దిగేవారు. 2019లో నిర్మలా సీతారామన్ గారు పెట్టె వదిలి ఎర్ర గుడ్డలో కట్టిన లెక్కల కట్ట తెచ్చారు. మా ఇంటామె టీవీలో అది చూసి, "గిప్పుడు మంచిగ ముల్లె కట్టుకొచ్చింది" అన్నది. ఆమెకు ఫ్రెంచి రాదు.

ముల్లె మన మాట. 'ఎవల ముల్లె పోయింది?' అని మన ముసలమ్మలు ఇంకా కొట్లాడుకుంటారు. ముల్లె, మూట, తిత్తి, కొంగు ముడి, ఇంత పెద్ద సంసారం ఉండి కూడా మనకు పర్సు ఎందుకు వచ్చింది? మాస్టరు, "పర్సుతోపాటు జేబు వచ్చింది, జేబుతోపాటు ప్యాంటు వచ్చింది" అన్నాడు. మా నాయిన పంచె రొంటిన పైసలు చెక్కుకున్నాడు. ఆయనకు జేబే లేకపోతే పర్సెందుకు? ఇంకో ముచ్చట. తెలంగాణలో జేబును 'కీస' అంటాం, ఇక్కడ మరాఠీవాళ్లు 'ఖిసా' అంటారు. రెండూ ఒకటే అరబ్బీ మాట. అక్కడ దాని అర్థం పైసల సంచి. మా తాత కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం పని కోసం వచ్చేటప్పుడు కీస వెంట తెచ్చుకున్నాడు, ఇక్కడ ఖిసా ముందే వచ్చి కూర్చుంది.

ఇక మా గిర్నీవాళ్ల మాట పాకీట్. ఇది పర్సు కాదు, వాలెట్ కాదు. ఇంగ్లీషులో ప్యాకెట్, మరాఠీ నోట్లో పాకీట్ అయింది. ఉత్తరం పెట్టే కవరూ పాకీటే, జేబులో పర్సూ పాకీటే. మాకు మాత్రం పాకీట్ అంటే పగారు పాకీట్.

నేను 1978లో మగ్గాల ఖాతాలో బదిలీ పనికి ఎక్కాను. బదిలీ అంటే తెలిసినవాళ్లకు చెప్పనక్కర లేదు. పొద్దున భోంగా మోగకముందే గేటు దగ్గర నిలబడాలి, ఎవడైనా పనికి రాకపోతే వాడి సాంచా మనకు. మొదటి నెల పద్నాలుగు రోజులు దొరికింది. వెయ్యి మంది దాటిన కార్ఖానాలో నెల గడిచిన పదో తారీకులోపల పగారు ఇయ్యాలని 1936 నాటి కాయిదా. అందుకని మాకు పదో తారీకే పండుగ. ఖాతా వారీగా లైను. కిటికీలో బిల్లా చూపిస్తే గుమాస్తా ఒక గోధుమరంగు కాగితం పాకీట్ చేతిలో పెట్టేవాడు. దాని మీద బిల్లా నంబరు, పేరు, రోజులు, పగారు, భత్తా, కోతలు, చివర చేతికి వచ్చే మొత్తం రాసి ఉండేది. మూతి అంటించి ఉండేది.

గేటు బయట ముగ్గురు కాచుకొని ఉండేవారు. వడ్డీకిచ్చేటోడు, ఉద్దెర దుకాణమాయన, కొంతమంది పెండ్లాలు. వీళ్లలో అందరికన్నా తెలివైనవాళ్లు పెండ్లాలే. పాకీట్ మూతి చింపకుండా భార్య చేతిలో పెట్టే మనిషికి మా చాళ్లలో చాలా మర్యాద ఉండేది. 'ఆయన పాకీట్ ఇప్పడు' అంటే ఇంకే సర్టిఫికెటూ వద్దు. ఆడపిల్లను ఇచ్చేటప్పుడు కూడా ఈ మాట అడిగేవారు.

నన్ను కూడా అందరూ పాకీట్ ఇప్పనివాడు అనే అనుకున్నారు. ఇప్పుడు దాచి ఏం చేస్తాను, అరవై ఆరు దాటినయ్. నేను పాకీట్ ఇప్పేవాణ్ని. సైకిల్ స్టాండు వెనక నిలబడి, మూతికి ఉమ్మి తడి చేసి మెల్లగా లేపి, పది రూపాయలు తీసి, మళ్లీ గంజి పెట్టి అంటించేవాణ్ని. పడుగుకు గంజి పెట్టే కులంలో పుట్టినవాడికి పాకీట్‌కు గంజి పెట్టడం ఒక లెక్కా. ఆ పదితో కల్లు, ఒక సినిమా, ఒకోసారి వరలీ నంబరు. మా ఇంటామె బీడీలు చుట్టేది. చాట ఒళ్లో పెట్టుకొని రోజుకు వెయ్యి. నేను పాకీట్ ఇస్తే దేవుడి ముందు పెట్టి దండం పెట్టుకొని, పక్కకు పోయి లెక్క పెట్టుకునేది. ఎన్నడూ ఒక్క మాట అనలేదు. చదువు రాదు కదా, పైన రాసింది చూడదు అనుకున్నాను. ఉత్త పిచ్చోణ్ని. వెయ్యి బీడీలు లెక్కపెట్టి ఇచ్చే మనిషికి అంకెలు రావా?

తొంభైలు సగం దాటినాక మా గిర్నీ మూతబడింది. బకాయిల కోసం ఏండ్ల తరబడి తిరిగాం. వచ్చినప్పుడు చెక్కు వచ్చింది. అప్పటినుంచి పాకీట్ లేదు. తర్వాత తువ్వాళ్ల కార్ఖానాలో చేసిన పనికి వారానికి ఒకసారి సేటు చేతిలో నోట్లు పెట్టేవాడు, మడిచి జేబులో వేసుకునేవాణ్ని. గిర్నీ బంద్ పడిన ఆ మూడేండ్లు మా పొయ్యి వెలిగింది బీడీల మీదే. అది ఎంత, ఎక్కడ పెట్టేది, ఎట్లా సరిపెట్టేది నాకు తెలువదు. ఆమె నడుము సంచిలో నేను చెయ్యి పెట్టలేదు. నా పాకీట్‌లో నేను చెయ్యి పెట్టినా, ఆమె సంచిని ముట్టొద్దని నాకు నేనే పెట్టుకున్న కట్టు. సిగ్గు అనండి, ఏమన్నా అనండి.

2016 నవంబరు 8 రాత్రి అయిదు వందల, వెయ్యి నోట్లు చెల్లవని టీవీలో చెప్పారు. పొద్దున మా చాళ్లో ఏ ఇంట్లో చూసినా ఒకటే తీరు. బియ్యం డబ్బాలు, పప్పు డబ్బాలు, పరుపుల కుట్లు అన్నీ విప్పుతున్నారు. ఆడవాళ్లు మగవాళ్ల ముందు ముల్లెలు బయటపెట్టాల్సిన దినం అది. మా ఇంటామె జొన్నల డబ్బాలో చెయ్యి పెట్టి ఒక గోధుమరంగు పాకీట్ తీసింది. దాని మీద నా బిల్లా నంబరు. 1986 నాటిది. లోపల ఇరవై తొమ్మిది అయిదు వందల నోట్లు, 14,500 రూపాయలు.

"ఇన్ని పైసలు ఏడియి?" అన్నాను.

"బీడీలయి. వెనక తిప్పి సూడు."

పాకీట్ వెనక పెన్సిల్ గీతలు. నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి, అట్లా గుంపులు గుంపులుగా. లెక్కపెడితే నలభై ఏడు.

"నెలకు పది రూపాయలు," అన్నది. "ఎప్పుడన్న అడుగుదమని గీసిన. గిర్నీ బందైంది, ఏం అడగాలె."

బ్యాంకు లైన్లో మూడు రోజులు నిలబడి ఆ నోట్లు ఆమె ఖాతాలోనే వేశాం. ఖాళీ పాకీట్ ఆమె మళ్లీ జొన్నల డబ్బాలో పెట్టింది.

ఇప్పుడు కొత్తగా గిర్నీల్లో, కార్ఖానాల్లో చేరే పిల్లలకు ఈ కథ సమజ్ కాదు. 2017లో కాయిదా మార్చి, పగారును సీదా బ్యాంకు ఖాతాలో వేయడానికి కార్మికుని రాతపూర్వక ఒప్పుకోలు అక్కర్లేదన్నారు. మంచిదే, గేటు దగ్గర వడ్డీవాడు నిలబడడు. కానీ ఇంట్లో ఎంత వచ్చిందో ఫోన్ ఉన్నవానికే తెలుస్తుంది. ఫోన్ ఎక్కువగా మగవాడి జేబులోనే ఉంటుంది. మూతికి గంజి పెట్టే పని కూడా లేదు. ఇది నా అనుమానం, మీ ఇండ్లలో ఎట్లా ఉందో మీరే చూసుకోండి.

వాలెట్ సంగతి చెప్పలేదు కదా. వాలెట్ మొదట పైసలది కాదట. యాత్రకు పోయేవాళ్లు, అడుక్కునేవాళ్లు రొట్టె ముక్కలు, బట్టలు పెట్టుకొని భుజాన వేసుకునే జోలె. కాగితం నోట్లు వాడకంలోకి వచ్చినాక, 19వ శతాబ్దంలో అమెరికాలో, నోట్లు పెట్టుకునే పలచటి తోలు మడతకు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు తోలూ లేదు, గుడ్డా లేదు. ఫోన్‌లో ముందుగా పైసలు వేసి పెట్టుకొని ఖర్చు చేసుకునేదాన్ని వాలెట్ అంటున్నారు. బ్యాంకు ఖాతా వేరు, వాలెట్ వేరు. ఖాతాలో ఉన్నవి వాలెట్‌లో ఉన్నట్టు కాదు, వాలెట్‌లో వేసినవి ఖాతాలో కనబడవు. మా వయసువాళ్లు ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే చాలు. మా పెద్దోడు చెప్పింది నిజమే, మూడు వేలు నా దగ్గరే ఉన్నాయి. నల్లబడిన ఫోన్ జోలెలో.

ఇక మెడికల్ షాపు దగ్గరికి వద్దాం. పిల్లగాడు, "కాకా, పక్కకు జరగండి" అన్నాడు. అప్పుడు ఎడమచేతిలో సంచి చూసుకున్నాను. ముప్పై తొమ్మిదేండ్లలో ఎన్నడూ విప్పలేదు. తాడు రెండు ముడులు వేసి ఉంది. పండ్లతో విప్పాను. లోపల బీరువా తాళంచెవి, తలనొప్పి గోలీలు, బీడీ కార్డు నకలు, మడిచిన కాగితంలో కుంకుమ, నాలుగు మడతల్లో అయిదు వందల నోట్లు. నాలుగు తీసి ఇచ్చాను. మిగిలిన 140 రూపాయలు సంచిలోనే వేసి, అట్లనే రెండు ముడులు వేశాను.

సాయంత్రం ఆమెకు తెలివి వచ్చింది. కండ్లు తెరిచి నా మొహం చూసింది, తర్వాత చేతిలో సంచి చూసింది. ముడి చూసినట్టుంది.

"ఎంత తీసినవ్?"

"పద్దెనిమిది వందల అరవై. మందులకు."

"చీటీ ఉందా?"

ఉంది, చూపించాను. ఆమె కండ్లు మూసుకుంది.

ఇంటికి వచ్చాక మనుమరాలు మా ఇద్దరినీ కూర్చోబెట్టి వాలెట్ నేర్పించింది. ఎట్లా తెరవాలి, ఎట్లా మిగులు చూడాలి, ఎవరు అడిగినా నంబరు ఎందుకు చెప్పొద్దు, అన్నీ చెప్పింది. మా ఇంటామె అంతా విని, "దీనికి తాడేది?" అని అడిగింది. మనుమరాలు నవ్వి, నాలుగు అంకెలు పెట్టుకోవాలి అమ్మమ్మా, అదే తాడు అన్నది. నన్ను వాకిట్లోకి పొమ్మని, ఆ నాలుగు అంకెలు ఆమే పెట్టించుకుంది. అవి ఏమిటో ఈ రోజు వరకు నాకు చెప్పలేదు.